విమానం ఎక్కేముందు బీమా కాగితం చదవండి
అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు, గల్ఫ్ వెళ్లే కూలీలకు కొన్ని జాగ్రత్తలు

ఏలూరు: తాటి దోనె వేసుకుని కొల్లేట్లోకి దిగే మనిషి ముందుగా దోనె అడుగు చూసుకుంటాడు. నీరు ఊరే చోటు ఉంటే గట్టు మీదే పూడ్చుకుంటాడు. నడి సరస్సులోకి వెళ్లాక చేయగలిగింది లేదని అతనికి తెలుసు. విదేశాలకు వెళ్లేవారి విషయంలో మాత్రం ఈ జాగ్రత్త కనిపించడం లేదు. ఆవకాయ జాడీ మూత మూడుసార్లు బిగించి చూసుకునేవారు కూడా ప్రయాణ బీమా కాగితాన్ని ఒక్కసారి చదవడం లేదు. కొందరైతే ప్రయాణం పెట్టుకుని జబ్బు, చావు మాటలెందుకని బీమా ప్రస్తావనే రానివ్వరు.

ఈ ప్రాంతం నుంచి విదేశాలకు వెళ్లేవారు ముఖ్యంగా రెండు రకాలు. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరకు, కోడలి కాన్పుకో, కూతురి పురిటికో వెళ్లే తల్లిదండ్రులు ఒక రకం. పొట్ట చేత పట్టుకుని కువైట్, దుబాయి, ఖతర్, సౌదీలకు పనికి వెళ్లే ఆడవారు, మగవారు రెండో రకం. 2022లో జిల్లాలు విడిపోయి ఏలూరు ఒక జిల్లాలో, తాడేపల్లిగూడెం మరో జిల్లాలో చేరినా, విమానం కోసం గన్నవరమో, శంషాబాదో వెళ్లడం ఇద్దరికీ మామూలే. ఇద్దరికీ బీమా అవసరమే. అయితే ఒకరికి పనికివచ్చే పాలసీ మరొకరికి పనికిరాదు.

అమెరికా వైద్యం ఖర్చు

అమెరికాలో సందర్శకులకు సర్కారు వైద్యం లేదు. అక్కడ ఆసుపత్రిలో ఒక్క రోజు ఉంటే వేల డాలర్ల బిల్లు రావడం మామూలు. గుండె ఆపరేషన్ అయితే లక్ష డాలర్లు దాటవచ్చు. డాలరు ఎనభై రూపాయలు దాటిన ఈ రోజుల్లో ఆ మొత్తాన్ని మన లెక్కలోకి మార్చుకుంటే ఎకరాల పొలం కరిగిపోయినట్టే.

అక్కడ 1986లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ప్రాణాపాయంతో అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని డబ్బు లేదని తిప్పి పంపకూడదు. ప్రాణం నిలిపే చికిత్స చేయాలి. ఇది మంచి చట్టమే గాని, చికిత్స ఉచితమని దాని అర్థం కాదు. బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది. ఆ బిల్లు పడేది కొడుకు మీదో, అల్లుడి మీదో.

అమెరికా సందర్శక వీసాకు బీమా తప్పనిసరి కాదు. అందుకే చాలామంది మానేస్తున్నారు. ఫ్రాన్స్, జర్మనీ వంటి షెంగెన్ దేశాల పద్ధతి వేరు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే బీమా చూపకపోతే ఆ దేశాలు సందర్శక వీసా ఇవ్వవు. అడిగినా అడగకపోయినా అవసరం ఒక్కటే.

పాత జబ్బు దగ్గరే చిక్కు

మన ఊళ్లలో అరవై దాటినవారిలో షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. బీమా కంపెనీల భాషలో ఇవి ‘ముందునుంచి ఉన్న జబ్బులు’. చాలా ప్రయాణ పాలసీలు వీటికి, వీటివల్ల వచ్చే కష్టాలకు డబ్బు ఇవ్వవు. బీపీ ఉన్న మనిషికి అక్కడ పక్షవాతం వస్తే, ఇది పాత జబ్బు ఫలితమేనని కంపెనీ చేతులు దులుపుకోవచ్చు.

కొన్ని పాలసీలు పాత జబ్బు ముందస్తు సూచన లేకుండా హఠాత్తుగా ముదిరి ప్రాణం మీదికి వస్తే మాత్రం ఖర్చు ఇస్తాయి. అందులోనూ షరతులుంటాయి. లక్షణాలు కనిపించిన 24 గంటల్లోగా ఆసుపత్రికి వెళ్లాలని చాలా పాలసీల్లో ఉంటుంది. వయసు డెబ్భై దాటితే ఈ సదుపాయాన్ని తీసేసేవి, మొత్తాన్ని బాగా తగ్గించేవి ఉన్నాయి. రోజూ వేసుకునే మాత్రలకు, మామూలు పరీక్షలకు ఏ సందర్శక పాలసీ కూడా సాధారణంగా డబ్బు ఇవ్వదు. కాబట్టి అక్కడ ఉండే కాలానికంతా సరిపడా మాత్రలు, డాక్టరు చీటీతో సహా ఇక్కడి నుంచే తీసుకువెళ్లడం మేలు.

ప్రీమియం తగ్గుతుందనో, వైద్య పరీక్ష తప్పుతుందనో ఉన్న జబ్బు లేదని రాయించేవారున్నారు. ఇంతకంటె పొరపాటు లేదు. ఆసుపత్రిలో చేరగానే అక్కడి డాక్టరు ఏ మాత్రలు వాడుతున్నారు, ఎన్నేళ్లుగా వాడుతున్నారు అని అడిగి రాసుకుంటాడు. ఆ కాగితమే బీమా కంపెనీకి వెళుతుంది. దాచిన సంగతి బయటపడితే క్లెయిమ్ కొట్టివేస్తారు. కట్టిన ప్రీమియం కూడా దండగే.

రెండు రకాల పాలసీలు

అమెరికా సందర్శకులకు అమ్మే పాలసీలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో ఒక్కొక్క ఖర్చుకు ఒక్కొక్క హద్దు ఉంటుంది. గది అద్దె రోజుకు 1,500 డాలర్లు హద్దు అనుకుందాం. ఆసుపత్రి 3,500 డాలర్లు వేస్తే రోజుకు 2,000 డాలర్లు మన చేతి నుంచి పోతాయి. ఇటువంటి పాలసీ చౌకగా వస్తుంది. చౌక ఎందుకో బిల్లు వచ్చిన రోజున తెలుస్తుంది.

రెండో రకంలో మొత్తం బిల్లు మీద లెక్క వేస్తారు. ముందుగా మనం కొంత సొమ్ము పెట్టుకోవాలి. దీన్ని డిడక్టిబుల్ అంటారు. తర్వాత కొంతవరకు కంపెనీ వందకు ఎనభై, మనం ఇరవై భరించాలి. ఆపైన పాలసీ హద్దు వరకు కంపెనీయే పూర్తిగా భరిస్తుంది. ఉదాహరణకు డిడక్టిబుల్ 250 డాలర్లు, ఎనభై-ఇరవై లెక్క మొదటి 5,000 డాలర్ల వరకు అనుకుందాం. బిల్లు 12,000 డాలర్లు వస్తే మనం కట్టేది 250, ఆపైన 1,000, మొత్తం 1,250 డాలర్లు. మిగిలిన 10,750 డాలర్లు కంపెనీ కడుతుంది. డిడక్టిబుల్ ఎంత పెద్దదైతే ప్రీమియం అంత తగ్గుతుంది.

మన దేశపు కంపెనీల పాలసీల్లోనూ అరవై దాటినవారికి గది అద్దెకు, డాక్టరు ఫీజుకు, ఆపరేషన్‌కు వేర్వేరు హద్దులు పెట్టేవి చాలా ఉన్నాయి. పైన పెద్ద అక్షరాలతో ఉన్న 50,000 డాలర్లో, లక్ష డాలర్లో చూసి మురిసిపోకుండా, లోపలి పేజీల్లోని హద్దుల పట్టిక చదవాలి. అది ఇంగ్లీషులో ఉంటుంది కనుక చదువుకున్న పిల్లల చేత చదివించుకుని, అర్థం చెప్పించుకోవాలి.

ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా

ఇక్కడి పాలసీకి ప్రీమియం రూపాయల్లో కట్టవచ్చు. మన భాషలో మాట్లాడే ఏజెంటు ఉంటాడు. అయితే సాధారణంగా విమానం ఎక్కకముందే కొనాలి. అమెరికా కంపెనీల సందర్శక పాలసీని అక్కడికి చేరాక కూడా కొనవచ్చు. అక్కడి ఆసుపత్రులు కొన్ని ఆ కంపెనీకే నేరుగా బిల్లు పంపుతాయి. ఇక్కడి పాలసీ అయితే చాలాసార్లు ముందు మనం కట్టి, తర్వాత రాబట్టుకోవలసి వస్తుంది. ఏ పాలసీ అయినా ఆ ఊళ్లో ఏయే ఆసుపత్రులు దాన్ని ఒప్పుకుంటాయో పిల్లలు ముందే కనుక్కుని ఉంచాలి.

తగాదా వచ్చినప్పుడు ఇంకో తేడా ఉంది. ఇక్కడి కంపెనీ అన్యాయం చేస్తే ముందుగా ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల ఫోను నంబరు 155255. అమెరికా కంపెనీ పాలసీ మీద మాత్రం ఇక్కడి అంబుడ్స్‌మన్‌కు అధికారం లేదు.

గల్ఫ్ వెళ్లేవారికి 275 రూపాయల బీమా

గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు ఇంటిపనికి ఆడవారు వెళ్లడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. మగవారు డ్రైవర్లుగా, వంటవారుగా, కట్టడాల కూలీలుగా వెళుతున్నారు. పదో తరగతి పాసు కాని వారి పాస్‌పోర్టు మీద, గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని ఉంటుంది. 1983 నాటి వలసల చట్టం కింద ఈ అనుమతి ఇస్తారు. అనుమతి తీసుకునేవారికి ప్రవాసి భారతీయ బీమా యోజన తప్పనిసరి. ఈ పథకం 2003లో మొదలైంది. 2017లో దీన్ని సవరించారు.

దీని ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, పనిచేయలేనంతగా శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆసుపత్రి ఖర్చులకు లక్ష రూపాయల వరకు, ఒక్కసారి చేరితే 50,000 వరకు ఇస్తారు. ఉద్యోగం గురించిన కోర్టు ఖర్చులకు 45,000 రూపాయల వరకు ఉంది. మృతదేహాన్ని స్వదేశానికి తెచ్చే ఖర్చు కూడా ఇందులో ఉంది. యజమాని మారినా, పనిచేసే చోటు మారినా ఈ బీమా పోదు. ప్రమాద మరణాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయం ధ్రువీకరిస్తే బీమా కంపెనీ ఆ కాగితాన్ని ఒప్పుకుంటుంది.

ఇంత తక్కువ సొమ్ముతో వచ్చే ఈ రక్షణ చాలామందికి ఎందుకు అందడం లేదు? విజిట్ వీసా మీద పంపి, అక్కడికి వెళ్లాక పని వీసాగా మారుస్తామని చెప్పే ఏజెంట్ల వల్ల. విజిట్ వీసా మీద వెళ్లేవారు కూలీగా అనుమతి తీసుకోరు. అనుమతి లేకపోతే ఈ బీమా లేదు. రేపు ఏదైనా జరిగితే ఆ మనిషి అక్కడ పనిచేస్తున్నట్టు ప్రభుత్వ లెక్కల్లోనే ఉండడు. పదో తరగతి పాసైనవారికి అనుమతి అక్కర్లేదు కనుక వారికీ ఈ బీమా దానంతట అది రాదు. యజమాని ఏ బీమా ఇస్తున్నాడో ఒప్పందం కాగితంలో చూసుకుని, లేకపోతే విడిగా తీసుకోవాలి. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్రంలోని ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ నడిపే ప్రవాసాంధ్ర భరోసా బీమా గురించి కూడా అడిగి తెలుసుకోవచ్చు.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కూలీలు ఉండే భవనం కాలిపోయి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. మన రాష్ట్రంవారు ముగ్గురు, అందులో ఇద్దరు గోదావరి జిల్లాలవారు. భారత వాయుసేన విమానంలో మృతదేహాలను కొచ్చిన్‌కు తెచ్చారు. అంత పెద్ద ప్రమాదం కనుక ప్రభుత్వాలు కదిలాయి. ఏ గదిలోనో ఒంటరిగా పోయిన ఒక్క మనిషి కోసం విమానం రాదు. అతని కుటుంబానికి ఆసరా అతని దగ్గరున్న కాగితాలే.

పేరు తేడా, నామినీ తేడా

మన ప్రాంతంలో ఇంటిపేరుతో వచ్చే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. రేషన్ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో అసలు లేకుండా ఉంటుంది. పాలసీలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. నామినీ పేరు ఆ మనిషి ఆధార్, బ్యాంకు ఖాతాలతో సరిపోవాలి. పెళ్లికి ముందు తల్లిని నామినీగా రాసి, పెళ్లయ్యాక మార్చకపోవడం వల్ల అత్తాకోడళ్లు కచేరీల చుట్టూ తిరిగే పరిస్థితి తెచ్చుకోరాదు.

పాలసీ ప్రయాణం మొదలయ్యే రోజు నుంచి తిరిగి వచ్చే రోజు వరకు ఉండాలి. మనవడి మొదటి పుట్టినరోజు చూసి వస్తామని గడువు పెంచుకునేవారు, పాలసీ గడువు తీరకముందే పొడిగించుకోవాలి. తీరిపోయాక పొడిగించరు. కొత్తది తీసుకుంటే మధ్యలో వచ్చిన జబ్బు పాత జబ్బు కింద లెక్కవుతుంది.

డబ్బు కట్టేముందు ఏజెంటును అడగవలసిన ప్రశ్నలు ఇవి: షుగరు, బీపీ వల్ల వచ్చే జబ్బుకు ఇస్తారా? ఎంతవరకు? మా వయసుకు హద్దులేమైనా ఉన్నాయా? ముందు మేం కట్టవలసింది ఎంత? మృతదేహం తరలింపు ఉందా? ఫోను చేయవలసిన నంబరు ఏది? ఏజెంటు నోటిమాటతో సరిపెట్టుకోక, ప్రతి జవాబూ పాలసీలో ఏ పేజీలో ఉందో చూపించమనాలి. చూపించలేకపోతే ఇంకొక ఏజెంటు దగ్గరకు వెళ్లవచ్చు.

పాలసీ నకలు ఒకటి వెంట ఉండాలి, ఒకటి ఇంట్లో ఉండాలి. కంపెనీ ఫోను నంబరు, పాలసీ నంబరు ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. గల్ఫ్ వెళ్లే ఆడవారు ఆ నంబర్లను యజమాని చేతికి పోయే పాస్‌పోర్టుతో పాటు కాక, విడిగా తమ దగ్గర రాసి ఉంచుకోవడం మంచిది.