మందుల దుర్వినియోగము

వైద్యుడు తూచి యిచ్చినపుడే యది మందు. ఎవరికి వారు కొని మ్రింగినచో నదియే విషము. సూర్యాపేట జిల్లాలోని మోతె వంటి వ్యవసాయసీమలలో దినమంతయు నడుము వంచి నాట్లు వేసిన కూలివారికి రాత్రి ఒడలినొప్పియు నిద్రలేమియు దప్పవు. చీటీ లేక నోటిమాటతో దుకాణమున మాత్రలు గొనుట మన పల్లెలకెల్ల నలవాటైనది. ఈ యలవాటు ఒక్కొక్కరి కొక్కొక్క తీరున గీడు గావించుచున్నది.

నొప్పిమాత్రలను నెలల తరబడి వాడు వృద్ధులకు మూత్రపిండములు చెడుటయు, కడుపున పుండ్లు పడుటయు గలదు. స్టిరాయిడ్లు వాడు మధుమేహరోగులకు రక్తమున చక్కెర పెచ్చు పెరుగును. నిద్రమాత్ర ముసలివారిని తూలిపడవేయును. మద్యముతో గలిసిన నూపిరికే మోసము దెచ్చును. ట్రమడాల్ మాత్రలను, కోడీన్ గల దగ్గుమందులను సరదాకు మొదలిడిన యువకులు వానికి దాసులగుచున్నారు.

తెలియకయే మందు మ్రింగువారి దుస్థితి మఱింత ఘోరము. ఆందోళనకు వైద్యులు స్వల్పకాలము వ్రాయు ఆల్ప్రజోలమ్‌ను తెలంగాణమున కొందఱు లాభాపేక్షతో కల్లులో గలుపుచున్నారు. చెట్టునుండి దించిన స్వచ్ఛమైన కల్లులో నీ మందుండదు. కావున గీతవృత్తివారి నెల్లర నిందించుట తగదు. 2015లో కల్తీ నొక్కుమ్మడి నరికట్టినపుడు, నిజామాబాదు మొదలగు ప్రాంతముల జనులు వణకు, మూర్ఛ, మతిభ్రమలతో ఆసుపత్రుల పాలైరి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి.

చట్టము లేకపోలేదు. 2014 మార్చి 1 నుండి ఆల్ప్రజోలమ్ హెచ్1 పట్టికలో నున్నది. చీటీ లేక యమ్మరాదు. వైద్యుని పేరు, రోగి పేరు, పరిమాణము పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱుపవలెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ననుసరించి 100 గ్రాముల ఆల్ప్రజోలమ్ వాణిజ్య పరిమాణము. దానికి పదేండ్లకు తక్కువ కాని శిక్ష గలదు. అరమిల్లీగ్రాము మాత్రలుగా లెక్కించిన నది రెండు లక్షల మాత్రలగును!

అయినను దండన మాత్రమే చాలదని 2015 అనుభవము చాటుచున్నది. అలవాటుపడిన దేహమునకు మందు హఠాత్తుగా మాన్పించిన ప్రాణాపాయము. వైద్యుని పర్యవేక్షణమున క్రమక్రమముగా దగ్గింపవలెను. కావున కల్తీ నరికట్టుదినముననే ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో చికిత్సకు నేర్పాటు గావింపవలెనని ప్రభుత్వమును గోరుచున్నాము. భూస్వాములకును మా మనవి యొకటి గలదు. మీ పొలమున చెమటోడ్చు కూలివానికి నొప్పి వచ్చినపుడు మాత్ర కొనియిచ్చి పనికి బంపకుడు, వైద్యునొద్దకు బంపుడు. ఆ పూట పని చెడిన చెడుగాక, అతని యిల్లు నిలుచును.