పీటముడి వేసే మందు

పదో తరగతి పరీక్షల ముందు కొడుక్కి జ్వరమొచ్చి, డాక్టరు యాంటీబయాటిక్ రాశారట. "కొన్ని యాంటీబయాటిక్‌లు ప్రొటీన్ తయారీని ఆపుతాయని చదివాను. జ్ఞాపకం నిలవాలంటే కొత్త ప్రొటీన్ కావాలనీ చదివాను. మరి మావాడు చదివిందంతా పోతుందా?" అని ఒక తల్లి ఉత్తరం రాశారు.

పోదమ్మా. ఆ మందులు దెబ్బతీసేది బాక్టీరియా రైబోజోములను. మన కణాల్లోని రైబోజోముల కట్టుబడి వేరు. డాక్టరు చెప్పినన్ని రోజులూ వెయ్యండి.

జవాబు ఇంతే. ప్రశ్న మాత్రం నన్ను వారం రోజులు వదల్లేదు. ఎందుకంటే బాక్టీరియానీ మననీ ఒకే ఎత్తుతో బోల్తా కొట్టించే యాంటీబయాటిక్ ఒకటుంది. పేరు ప్యూరోమైసిన్. మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి తయారుచేసే విషం అది.

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. దాన్ని అల్లేది రైబోజోమ్. సరుకు మోసుకొచ్చే కూలీ టీ-ఆర్‌ఎన్‌ఏ. కొత్త కూలీ వచ్చి పక్కన నిలబడగానే, అప్పటిదాకా అల్లిన గొలుసంతా పాత కూలీ చేతిలోంచి ఊడి కొత్తవాడి సరుకుకు తగులుకుంటుంది. ఊడటం ఎలా కుదురుతుందంటే, కూలీ సరుకును పట్టుకునేది జారుముడితో. రసాయన శాస్త్రంలో దాని పేరు ఎస్టర్ బంధం. ప్యూరోమైసిన్ ఆ కూలీ చేతికొసకు అచ్చమైన నకలు. రైబోజోమ్ నమ్మి గొలుసును దానికి అప్పగిస్తుంది. తీరా చూస్తే ఇక్కడున్నది జారుముడి కాదు, పీటముడి: అమైడ్ బంధం. గొలుసు ఇక ఎవరి చేతికీ మారదు. పైగా ఈ దొంగకూలీకి వేళ్లే తప్ప ఒళ్లు లేదు. రైబోజోములో కాలూని నిలబడలేక, సగం అల్లిన గొలుసుతో సహా ఊడిపడుతుంది. ఇంత పొదుపైన మోసం మనిషికి తట్టి ఉండేది కాదని నా నమ్మకం.

ఆ ఊడిపడ్డ ముక్కల్ని గుర్తుపెట్టుకోండి. వాటితో పని ఉంది.

జ్ఞాపకం నిలవడానికి కొత్త ప్రొటీన్ కావాలా అని చూడటానికి 1963లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఫ్లెక్స్‌నర్ దంపతులు, స్టెల్లార్ కలిసి చుంచెలుకల మెదడులోకి ప్యూరోమైసిన్ ఎక్కించారు. పంగలకర్రలా చీలిన దారిలో షాక్ తగలని వైపు ఏదో నేర్చుకున్న ఎలుకలు ఆ సంగతి మరిచిపోయాయి. మిషిగన్‌లో బెర్నార్డ్ అగ్రనాఫ్ గోల్డ్‌ఫిష్‌లను పట్టుకున్నాడు. దీపం వెలగగానే అడ్డుగట్టు దాటి అవతలికి ఈదాలి, లేదంటే షాక్. శిక్షణకు ముందు మందిచ్చినా చేప చక్కగా నేర్చుకుంది. కానీ కొన్ని రోజులకు అంతా మరిచింది. శిక్షణ అయిన వెంటనే ఇచ్చినా అంతే. గంట ఆగి ఇస్తే మాత్రం జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఇంకో వింత: పాఠం అయ్యాక చేపను అదే తొట్టిలో ఉంచేస్తే ఆ గంట లెక్క మొదలే కాదు. తన సొంత తొట్టికి చేరాకే జ్ఞాపకం గట్టిపడటం మొదలవుతుంది! బడి వదిలి ఇంటికొచ్చాకే పాఠం తలకెక్కడం లాంటిదన్నమాట.



కొత్త ప్రొటీన్ లేనిదే జ్ఞాపకం నిలవదని తేలిపోయిందనుకునే వేళ, 1967లో ఫ్లెక్స్‌నర్లే తమ కథను తలకిందులు చేశారు. మరిచిపోయిన ఎలుకల మెదడులోకి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కిస్తే జ్ఞాపకం తిరిగొచ్చింది! అంతకుముందే మరో చిక్కు ఉండనే ఉంది. ప్రొటీన్ తయారీని అంతే గట్టిగా ఆపే ఎసిటాక్సీసైక్లోహెక్సిమైడ్ ఆ ఎలుకల్లో మరపు తేలేదు సరికదా, ప్యూరోమైసిన్‌తో కలిపి ఇస్తే జ్ఞాపకాన్ని కాపాడింది. గొలుసు పెరగడమే ఆగితే తెగిన ముక్కలు పుట్టవు కదా! అంటే ఫ్లెక్స్‌నర్ల అనుమానం ప్రకారం, జ్ఞాపకానికి అడ్డుపడుతున్నవి పీటముడి పడ్డ ఆ ముక్కలే. ప్యూరోమైసిన్ మెదడులోని హిప్పోకాంపస్‌లో విద్యుత్ అలజడి రేపుతుందని కోయెన్, బారొండెస్ బృందం అప్పటికే చూపించింది.

అయినా అసలు సిద్ధాంతం కూలిపోలేదు. బారొండెస్, కోయెన్ అదే ఎసిటాక్సీసైక్లోహెక్సిమైడ్‌ను శిక్షణ అయ్యాక కాకుండా ముందే ఇస్తే ఎలుకలకు 3 గంటల దాకా పాఠం గుర్తుంది, 6 గంటలకల్లా పోయింది. తొలి జ్ఞాపకానికి కొత్త ప్రొటీన్ అక్కర్లేదు, నిలిచే జ్ఞాపకానికి కావాలి.

మరి పోయింది జ్ఞాపకమా, దాని దగ్గరికి వెళ్లే దారా? 2015లో ఎంఐటీలో టోనెగావా బృందం భయం నేర్చిన చుంచెలుకల్లో ఆ వేళ పనిచేసిన కణాలకు గుర్తు పెట్టి, వెంటనే ప్రొటీన్ తయారీని ఆపే అనైసోమైసిన్ అనే మందు ఇచ్చింది. మర్నాడు అదే పెట్టెలో ఎలుకలకు భయం గుర్తురాలేదు. గుర్తు పెట్టిన కణాల మీద నీలి కాంతి వెయ్యగానే ఎలుకలు భయంతో బిగుసుకుపోయాయి. ఆ కణాల సంధులు మందు వల్ల బలపడలేదు, కణాల మధ్య లంకెలు మాత్రం మిగిలాయి. నా ఓటు దారికే.

ఉపయోగాలంటారా? 2000లో నాడర్, షాఫ్, లెడూ పాత భయాన్ని గుర్తుచేసి వెంటనే అనైసోమైసిన్ ఇస్తే ఎలుకల్లో ఆ భయం పోయిందని చూపించారు. అప్పటినుంచీ చేదు జ్ఞాపకాలు చెరిపే మాత్ర వచ్చేస్తోందని వార్తలే వార్తలు. అనైసోమైసిన్ మనుషులకివ్వలేనంత విషం. పైగా మెదడులో నార్ఎపినెఫ్రిన్, డోపమైన్‌లను కూడా అతలాకుతలం చేస్తుంది. ఎలుక మెదడులోని అమిగ్డలాలోకి గొట్టం దింపి ఎక్కించిన దాన్ని మాత్ర అని ఏ ధైర్యంతో రాస్తారో!