ప్లాస్మా టీవీ ఎందుకు పోయింది? సెకండ్ హ్యాండ్‌లో వస్తే కొనొచ్చా?

పోయిన నెల మేం కొండాపూర్‌లో ఫ్లాట్ మారాం. హాల్లో 42 అంగుళాల ప్లాస్మా టీవీ ఉంది. ఓనర్ అంకుల్ దాన్ని తడుముతూ, "బాబూ, ఆ రోజుల్లో ముచ్చటపడి కొన్నా. ఐదు వేలిచ్చి ఉంచేసుకోండి" అన్నారు. మా రూమ్మేట్ అప్పటికే ఫోన్ తీసి స్కానర్ అడుగుతున్నాడు. ఆగరా బాబూ అన్నా. ఎందుకు ఆపానో చెప్తా.

రెండు గాజు పలకల మధ్య లక్షల కొద్దీ బుల్లి గదులు, వాటిలో నియాన్, జెనాన్ గ్యాస్. కరెంట్ తగిలితే గ్యాస్ నుంచి అల్ట్రావయొలెట్ కాంతి వస్తుంది. అది లోపల పూసిన ఫాస్ఫర్‌ని తాకితే రంగు వెలుగుతుంది. సింపుల్‌గా చెప్పాలంటే లక్షల బుల్లి ట్యూబ్‌లైట్లు. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో కనిపెట్టారు.

ఇక్కడ పాయింట్ ఏంటంటే, ప్రతి గదీ తన వెలుగు తనే ఇస్తుంది. నలుపు కావాలంటే ఆ గది దాదాపు ఆరిపోతుంది. ఎల్‌సీడీలో అలా కాదు. వెనకాల లైటు వెలుగుతూనే ఉంటుంది, ముందున్న లిక్విడ్ క్రిస్టల్ తలుపులా దాన్ని ఆపాలి. తలుపు సందుల్లోంచి వెలుగు కారుతుంది, అందుకే నలుపు కాస్త బూడిద రంగులో కనిపిస్తుంది. మనం ఎల్ఈడీ టీవీ అని కొనేది కూడా ఎల్‌సీడీయే, వెనక లైటు మారిందంతే! క్రికెట్‌లో బంతి పరిగెడుతుంటే ప్లాస్మాలో మసక కూడా తక్కువ.

మరి ఇంత బాగుంటే ఎందుకు పోయింది? నన్నడిగితే షోరూమ్‌లోనే ఓడిపోయింది. షోరూమ్ నిండా లైట్లు. ఆ వెలుగులో ఎల్‌సీడీ ధగధగా మెరుస్తుంటే, పక్కన ప్లాస్మా డల్‌గా కనిపించేది. రాత్రి లైట్లు ఆర్పేసి సినిమా చూసి టీవీ కొనేవాళ్లెవరు? పైగా బరువు, వేడి. 4కె వచ్చాక ఇంకో చిక్కు. గదులు చిన్నవి చేస్తే వెలుగు తగ్గిపోతుంది. పానసోనిక్ 2010లో 4కె ప్లాస్మా చూపించింది కానీ అది 152 అంగుళాలు, మన హాల్లో గోడే సరిపోదు. పయనీర్ 2009లోనే తప్పుకుంటున్నట్టు చెప్పింది. పానసోనిక్ 2013లో ప్లాస్మా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2014లో శాంసంగ్, ఎల్‌జీ కూడా మానేశాయి.

కానీ ఆ ఐడియా చావలేదు. ఓఎల్ఈడీలోనూ ప్రతి పిక్సెల్ తనే వెలుగుతుంది, గ్యాస్ బదులు ఆర్గానిక్ పదార్థం. మీ చేతిలో ఉన్న ఫోన్‌ది అమోలెడ్ అయితే, ప్లాస్మా తమ్ముడు మీ జేబులోనే ఉన్నాడు. అన్న జబ్బు తమ్ముడికీ ఉంది: కదలని బొమ్మ గంటలకొద్దీ ఉంటే మచ్చ పడుతుంది, బర్న్ ఇన్ అంటాం.

సరే, అంకుల్ టీవీ సంగతి. అది సుమారు 250 వాట్లు లాగుతుంది అనుకోండి, రోజుకి ఐదు గంటలు చూస్తే నెలకి 37 యూనిట్లు పైనే. 80 వాట్ల ఎల్ఈడీకైతే 12 యూనిట్లు. ప్యానెల్ పోతే కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగినా కొత్తది దొరకదు, అసలు తయారీయే లేదు కదా.

అయినా ఒక టెస్ట్ చేశా. మీరూ చేయండి, పాత ఓఎల్ఈడీ కొనేటప్పుడు కూడా పనికొస్తుంది. యూట్యూబ్‌లో ప్లెయిన్ గ్రే స్క్రీన్ వీడియో పెట్టి, రూమ్ లైట్లు ఆర్పేయండి. అంకుల్ టీవీలో కింద న్యూస్ ఛానల్ స్క్రోలింగ్ పట్టీ అచ్చు దిగిపోయి ఉంది, పైన మూలన లోగో కూడా. అంకుల్ చూసి, "అరే, ఇన్నేళ్లూ నాకు కనపళ్లేదే" అన్నారు. పాపం, ఆయన ఎప్పుడూ ఆ ఛానలే చూస్తారు, ఇంక కనపడేదెలా!