విమానం పైకి లేచాక ఫ్యాను చప్పుడు ఎందుకు తగ్గుతుంది?

ఖరగ్‌పూర్ మథురాకాటి నుంచి ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "సెలవులకి హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఫ్యాన్ల విమానంలో వెళ్ళాం. పైకి లేచిన కాసేపటికి చప్పుడు ఉన్నట్టుండి తగ్గిపోయింది. ఇంజన్ ఆగిపోయిందేమోనని అమ్మమ్మ హడలిపోయింది. ఎందుకలా తగ్గింది?"

అమ్మమ్మ భయంలో తప్పేమీ లేదమ్మా. మనకు అలవాటైన బండ్లలో చప్పుడు తగ్గిందంటే బలం తగ్గినట్టే. మీరెక్కిన ఏటీఆర్-72 విమానంలో మాత్రం సంగతి వేరు. అది తెలియాలంటే ముందు ఫ్యాను సంగతి చూడాలి.

ఇంట్లో సీలింగ్ ఫ్యాను ఆపి, దాని రెక్కని గమనించు. అది బల్లపరుపుగా ఉండదు, ఒక పక్కకి కాస్త వాలి ఉంటుంది. గాలిని కిందికి తోసేది ఆ వాలే. వాలు లేకుండా బిగిస్తే రెక్క ఎంత జోరుగా తిరిగినా గాలి రాదు. వాలు మరీ పెంచితే రెక్కకి ఎక్కువ గాలి అడ్డుపడి, మోటారు తిప్పలేక మూలుగుతుంది. ఇంట్లో ఫ్యానుకి ఈ వాలు మారదు. ఏటీఆర్ ఫ్యానుకి, అంటే ప్రొపెల్లరుకి, ఉన్న ఆరు రెక్కలూ మొదళ్ళ దగ్గర తిరగగలవు కాబట్టి, గాల్లో ఉండగానే వాటి వాలు మార్చవచ్చు. ఇదేమీ కొత్త సంగతి కాదు. 1944లో అమెరికావాళ్ళ ఇరవయ్యో బాంబర్ కమాండ్ మీ ఖరగ్‌పూర్‌లోనే ఉండేది. దాని బీ-29 విమానాలకీ ఇలా వాలు మారే రెక్కలే ఉండేవి, ఇంజన్లు మాత్రం పాతరకం పిస్టన్‌వి.

ఏటీఆర్‌లో ఉన్నవి టర్బోప్రాప్ ఇంజన్లు, విమానం రెండు రెక్కలకీ ఒక్కొక్కటి. ఇంజన్ గాలిని పీల్చి, నొక్కి, అందులో ఇంధనం మండిస్తుంది. ఆ వేడిగాలి దూసుకొచ్చి టర్బైన్లనే చక్రాలను తిప్పుతుంది. వాటిలో చివరిది ప్రొపెల్లరు కోసమే. గాలిని నొక్కే భాగానికీ దీనికీ మధ్య ఇరుసు లేదు, ఉన్నదల్లా వేడిగాలే. అందుకే నేలమీద ఉన్నప్పుడు ఒక్కోసారి కుడివైపు ప్రొపెల్లరుకి బ్రేకు వేసి కదలకుండా ఉంచి, ఇంజన్‌ని మాత్రం నడుపుతారు. క్యాబిన్‌కి కరెంటూ చల్లగాలీ దాన్నుంచే వస్తాయి.

ఇప్పుడు నీ ప్రశ్నకి వద్దాం. టేకాఫ్‌లో ప్రొపెల్లరు నిమిషానికి 1200 సార్లు, అంటే సెకనుకి 20 సార్లు తిరుగుతుంది. కొస నుంచి కొసకి అది దాదాపు 4 మీటర్లు. ఒక్క చుట్టులో రెక్క కొస పన్నెండు మీటర్లకు పైగా తిరుగుతుంది కాబట్టి, సెకనుకి సుమారు 250 మీటర్లు పోతున్నట్టు. దీనికి విమానం ముందుకు పోయే వేగం కూడా తోడైతే రెక్క కొస శబ్దవేగానికి దగ్గరపడుతుంది. అలా దగ్గరపడేకొద్దీ రొద పెరుగుతుంది, ఇంజన్ బలంలో కొంత వృథా అవుతుంది. అందుకే నేల వదిలి కాస్త ఎత్తు చేరగానే పైలట్ ఒక నాబ్‌ని టేకాఫ్ నుంచి క్లైంబ్‌కి తిప్పుతారు. రెక్కల వాలు పెరుగుతుంది. వాలు పెరిగితే ఒక్కో చుట్టుకి ఎక్కువ గాలి తగులుతుంది, ఆ బరువుకి చుట్లు 984కి తగ్గుతాయి. మీ అమ్మమ్మ విన్న మార్పు అదే. ఇంజన్ బలాన్నీ కొంత తగ్గిస్తారు కానీ, విమానం ఎక్కుతూనే ఉంటుంది.

ఎక్కేటప్పుడు పైలట్ కాపాడుకునేది వేగాన్ని, మామూలుగా 170 నాట్లు, అంటే గంటకు 315 కిలోమీటర్లు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, పలచని గాలిలో ఇంజన్ బలం తగ్గుతుంది. ముక్కు అదే ఎత్తున పట్టుకుంటే వేగం పడిపోతుంది. అందుకని ముక్కు కొద్దికొద్దిగా దించుతూ పోతారు, ఎక్కడం నెమ్మదిస్తుంది. ఏటీఆర్ 25,000 అడుగులు దాటి పోదు. గంటసేపు ప్రయాణానికి అంతకన్నా ఎత్తు అక్కర్లేదు కూడా.

అనుకున్న ఎత్తు చేరాక నాబ్ క్రూయిజ్‌కి వస్తుంది. వేగం గంటకు 500 కిలోమీటర్ల దాకా చేరుతుంది. ఈ దశ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

దిగడానికి మాత్రం లెక్క ఉంది. ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి ఐదున్నర కిలోమీటర్ల దూరం కావాలి. 18,000 అడుగుల నుంచి దిగాలంటే వంద కిలోమీటర్ల ముందే మొదలుపెట్టాలి. అంటే రాజమండ్రి ఇంకా కనుచూపు మేరలో లేకముందే అన్నమాట. ఇంజన్ బలం తగ్గించి ముక్కు దించుతారు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెరగడంతో చెవులు మూసుకుపోతాయి, గుటక వేస్తే తెరుచుకుంటాయి. రన్‌వే దగ్గరపడ్డాక చప్పుడు మళ్ళీ పెరుగుతుంది. దిగడం కుదరక మళ్ళీ లేవాల్సివస్తే పూర్తి బలం వెంటనే అందాలని ప్రొపెల్లరుని తిరిగి 1200 చుట్లకి తెస్తారు.

ఒక ఇంజన్ ఆగిపోతే? రెండోదానితో విమానం ఎగరగలదు. కానీ ఆగిన ఇంజన్ ప్రొపెల్లరు గాలికి అడ్డంగా ఉంటే విమానాన్ని అటువైపు లాగేస్తుంది. అందుకని దాని రెక్కలను అంచు గాలికి ఎదురుగా ఉండేలా తిప్పేస్తారు. దీన్నే ఫెదర్ చేయడం అంటారు. ఫెదరైన ప్రొపెల్లరు విమానాన్ని లాగదు, తొయ్యదు కూడా. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో దిగబోతున్న ఏటీఆర్-72లో, విమానం రెక్కల వెనక అంచుల్ని దించే ఫ్లాప్స్ లివర్ అనుకుని పైలట్లు ప్రొపెల్లర్ల లివర్లను కదిపారని దర్యాప్తులో తేలింది. ఇంజన్లు రెండూ నడుస్తూనే ఉన్నాయి, ప్రొపెల్లర్లు రెండూ ఫెదరైపోయాయి. విమానంలోని 72 మందీ చనిపోయారు. ఇంజన్ చప్పుడు వినబడుతోందా లేదా అన్నదొక్కటే చాలదు, రెక్క ఏ వాలులో ఉందన్నదీ ముఖ్యమే.

రెక్క వాలుకీ తోపు బలానికీ ఉన్న లెక్కను ఇంకా లోతుగా తెలుసుకోవాలనిపిస్తే నువ్వు దూరం వెళ్ళనక్కర్లేదు. మీ ఊరి ఐఐటీలోనే ఏరోస్పేస్ ఇంజనీరింగ్ విభాగం ఉంది. అక్కడ చదివే అన్నయ్యలనో అక్కయ్యలనో మొహమాటపడకుండా అడుగు.