రాత్రి డ్యూటీకి రెట్టింపు జీతం ఇవ్వాలా? బస్తర్ గనుల్లో, రైల్వేలో ఎవరికి ఏం వస్తుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో బైలాడిలా కొండల నుంచి తవ్విన ఇనుప ఖనిజం కిరండూల్–కొత్తవలస రైలు మార్గంలో విశాఖపట్నం చేరుతుంది. గనులను నడిపే ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. గనిలోనూ, రైల్వేలోనూ రాత్రి డ్యూటీలు తప్పవు. కానీ ఆ రాత్రికి అందే డబ్బు అందరికీ ఒకేలా ఉండదు.

చట్టం ఏం చెబుతోంది?

రాత్రి పనిచేసినంత మాత్రాన రెట్టింపు వేతనం ఇవ్వాలని కేంద్ర కార్మిక చట్టాల్లో లేదు. రెట్టింపు వచ్చేది ఓవర్‌టైమ్‌కే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఇదే పద్ధతి ఉంది.

అయితే ఒక రక్షణ ఉంది. షిఫ్టు అర్ధరాత్రి దాటితే, ఆ తర్వాతి గంటలు కూడా ముందు రోజు పని కిందే లెక్క. ఉదాహరణకు రాత్రి 10 గంటలకు డ్యూటీ ఎక్కిన కార్మికుడిని ఉదయం 9 వరకు ఆపితే, అది ఒకే రోజు 11 గంటల పని. 2 గంటలు నిన్నటివి, 9 గంటలు నేటివి అని విడగొట్టి ఓటీ ఎగ్గొట్టడం కుదరదు. వారాంతపు సెలవు కూడా షిఫ్టు ముగిసినప్పటి నుంచి పూర్తిగా 24 గంటలు ఉండాలి.

రైల్వే ఉద్యోగులకు ఎంత?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు నైట్ డ్యూటీ అలవెన్స్ ఉంది. 2020 జులై 13 నాటి ఆదేశాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చేసే ప్రతి గంటకు 10 నిమిషాల వేతనం అదనం. మూల వేతనం, డీఏ కలిపి 200తో భాగిస్తే గంట రేటు వస్తుంది. రెండూ కలిపి రూ.45,000 అనుకుంటే గంటకు రూ.225. పూర్తి రాత్రికి 80 నిమిషాలు, అంటే రూ.300. మూల వేతన పరిమితిని ఆ ఆదేశాలు రూ.43,600గా పెట్టాయి. రాత్రి డ్యూటీ అవసరమేనని సూపర్‌వైజర్ ధ్రువీకరించాలి.

కాంట్రాక్టు కార్మికుల మాటేమిటి?

వీరికి రాత్రి భత్యం యూనియన్ ఒప్పందాన్ని బట్టో, నియామక షరతులను బట్టో ఉంటుంది. అందులో లేకపోతే చట్టం పేరుతో అడగడం కష్టం. ఓటీ మాత్రం హక్కు. కాంట్రాక్టర్ వేతనం చెల్లించకపోతే ప్రధాన యజమాని చెల్లించాలి. వేతన చీటీ ఇవ్వడం కూడా తప్పనిసరి. హాజరులోని గంటలు, చీటీలోని గంటలు పోల్చి చూసుకుంటేనే తేడా బయటపడుతుంది.