పొట్లంలో ప్రాణమెంత?

తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపట్ల మాగాణి రైతుకు మినుము కొత్త కాదు. వరి కోత రెండుమూడు రోజులుందనగా, చేలో పదును ఆరకముందే, నిలిచివున్న పైరులోనే మినుములు చల్లేస్తాడు. మరి ఆ మొక్కకు నత్రజని ఎవరు పెట్టాలి? వేళ్ళ బుడిపెల్లో కాపురముండే రైజోబియం అనే సూక్ష్మజీవి పెట్టాలి. దాన్ని 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ బుడిపెల నుంచి వేరుచేసి పెంచాడు. ఇప్పుడది పొట్లాల్లో వస్తోంది. విత్తనానికి బెల్లంనీళ్ళు పట్టించి, ఎకరాకు 200 గ్రాముల పొడి కలిపి, నీడన ఆరబెట్టి చల్లమంటారు.

బాగానే ఉంది. కాని ఆ నల్లని పొడిలో ప్రాణముందో లేదో తెలిసేదెలా? చూస్తే తెలియదు, తూచినా తెలియదు. దీనికి తలల లెక్క కావాలి!

కార్ఖానాలో దీన్ని మానిటాల్ అనే తీపి పదార్థం, ఈస్టు సారం కలిపిన నీళ్ళలో పెంచుతారు. మొదట తేటగా ఉన్న నీరు, జీవులు పెరిగేకొద్దీ బియ్యం కడుగులా మసకబారుతుంది. దాని గుండా వెలుతురు పంపి, అవతలికి ఎంత వచ్చిందో మీటరులో చూస్తారు. క్షణంలో పని. పెట్టిన తీపికి ఎంత జీవరాశి దక్కిందో ఆరబెట్టి తూచి కూడా చూడవచ్చు. పెట్టిన ఆహారాన్ని బట్టే పంట ఉంటుందని ఫ్రాన్సులో జాక్ మోనో 1942లోనే లెక్కకట్టి చూపాడు.

అయితే మసకను నమ్మి మోసపోరాదు. చచ్చినవీ మసకే, పరాయివీ మసకే. మినుము బుడిపెల్లోవి ఎక్కువగా నింపాది రకం. ఒకటి రెండు కావడానికి ఆరు గంటలకు పైనే పడుతుంది. ఇరవై నిమిషాల్లో రెట్టింపయ్యే దుండగీడొకడు ఆ నీళ్ళలో దూరాడా, ఇక ఇల్లంతా వాడిదే!

అందుకని అసలు పరీక్ష వేరు. గ్రాము పొడిని పదింతలు పలచన చేస్తారు. అందులోంచి కాస్త తీసి మళ్ళీ పదింతలు. ఇలా ఆరుసార్లు. పది లక్షల వంతు పలచనైన ఆ నీరు ఒక మిల్లీలీటరు, అగరు పోసిన పళ్ళెంలో వేసి వారం పైన ఆగుతారు. బ్రతికివున్న జీవి ఒక్కొక్కటీ ఒక చుక్కగా పెరుగుతుంది. అగరులో కాంగో రెడ్ రంగు కలిపితే రైజోబియం చుక్కలు తెల్లగా మిగులుతాయి. పరాయివి చాలావరకు ఎర్రబడి దొరికిపోతాయి. తెల్లచుక్కలు అరవై ఉంటే గ్రాముకు ఆరు కోట్లన్నమాట. 1945 నుంచీ ఉన్న బాపట్ల వ్యవసాయ కళాశాల వంటి చోట్ల పిల్లలు చేతులారా నేర్చే లెక్క ఇది.

జీవన ఎరువులను 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చేర్చినప్పుడు, పొడి రూపంలోని రైజోబియానికి గ్రాముకు కనీసం ఐదు కోట్లు ఉండాలన్నారు. అంటే 200 గ్రాముల పొట్లంలో వెయ్యి కోట్ల ప్రాణాలు! ఏ మఠంలోనూ అంత సంతర్పణ జరిగి ఉండదు. నలభై చుక్కలే వస్తే ఆ సరుకు తప్పినట్టే.

కార్ఖానాలో నెగ్గిన లెక్క అంగట్లో నిలవాలని లేదు. ఎండవేడికి రేకుల కింద వారాల తరబడి మగ్గితే కోట్లు వేలకు దిగుతాయి. పొట్లం మీద తయారైన తేదీ, గడువు తేదీ చూసి, నీడపట్టున చల్లగా ఉంచిన కొట్టులోనే కొనండి. ఇంటికి తెచ్చాక పురుగుమందు డబ్బాల పక్కన మాత్రం పెట్టకండి.