మీకు తెలుసా? పసుపు బట్ట నల్లగా పడే రోజులు

ఫొటోకి ఏ రంగు బట్టలు వేసుకోవాలన్న బెంగ ఇవాళ్టిది కాదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలక నీలి వెలుగును ఇట్టే పట్టేసేది. ఎరుపు, పసుపు దాని కంటికి ఆనేవే కావు. దాంతో లేత నీలం బట్ట ఫొటోలో తెల్లగా పాలిపోయేది, పసుపు బట్ట నల్లబడేది. కుంకుమ బొట్టుదీ అదే గతి. అందుకే ఏ రంగులు కట్టుకు రావాలో ఫొటోగ్రాఫర్లు ముందే చెప్పేవారు.

కదలకుండా ఉండటం ఇంకో పరీక్ష. ఎక్స్‌పోజరుకు కొన్ని సెకన్లు పట్టేది కాబట్టి తల వెనక ఇనుప స్టాండు ఆనించేవారు. కొన్ని పాత ఫొటోల్లో మనిషి పాదాల వెనక దాని దిమ్మ కనిపిస్తుంది, వెతికి చూడండి. ఇక నవ్వంటారా, అంతసేపు బిగబట్టడం ఎవరి తరం?

మన హైదరాబాదులో చిక్కు వేరు: స్త్రీలు పరాయి మగవాళ్ల కంటపడకూడదనే ఘోషా. అందుకే ఫొటోగ్రాఫర్ రాజా లాలా దీన్‌దయాళ్ 1892లో స్త్రీల కోసమే జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపిందీ మహిళే, కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయురాలు.